డిగ్రీ చదువుతూనే ఆర్మీ ఆఫీసర్ దారి.. కానీ నిర్ణయం మొదటి నెలలోనే

డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసులు మొదలైన కొద్ది రోజులకే చాలా కాలేజీల నోటీస్ బోర్డు మీద ఒక చిన్న కాగితం అంటిస్తారు. ఎన్‌సీసీలో చేరాలనుకునేవాళ్లు ఫలానా రోజు ఉదయం గ్రౌండ్‌కు రావాలని అందులో ఉంటుంది. పిల్లవాడు ఇంటికొచ్చి చెప్తే అబ్బా అడిగే మొదటి ప్రశ్న, 'పరేడ్ చేస్తే ఏమొస్తుంది బేటా? పొద్దున ట్యూషన్ పోతుంది కదా!' అని. అమ్మీకి ఎండ, క్యాంపు, తుపాకీ అనగానే భయం. ఆ మాట అక్కడితో ఆగిపోతుంది, నోటీసులోని తేదీ కూడా దాటిపోతుంది.

మూడేళ్ల తర్వాత అదే పిల్లవాడు ఆర్మీ ఆఫీసర్ నోటిఫికేషన్ చూస్తాడు. రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పిలిచే ఎంట్రీ ఒకటి అందులో కనిపిస్తుంది. కింద షరతు ఉంటుంది: ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ తప్పనిసరి. అది అప్పటికప్పుడు తెచ్చుకునేది కాదు, కాలేజీలో ఉండగానే ఏళ్ల తరబడి పరేడ్ చేసి సంపాదించుకోవాలి. అందుకే ఈ విషయం ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లో ముందే తెలిసి ఉండాలి.

జవాన్ వేరు, ఆఫీసర్ వేరు

ఆర్మీ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది రిక్రూట్‌మెంట్ ర్యాలీ, లైన్లో పరుగు. అది జవాన్‌గా చేరే దారి. 2022 నుంచి ఆ భర్తీ అగ్నిపథ్ పథకం కింద జరుగుతోంది. నాలుగేళ్ల సర్వీసు తర్వాత నలుగురిలో ఒకరిని మించి కొనసాగించరు.

ఆఫీసర్ దారి వేరు. లెఫ్టినెంట్ హోదాతో మొదలవుతుంది. డిగ్రీ కావాలి, ఎస్‌ఎస్‌బీ అనే ఐదు రోజుల ఎంపిక దాటాలి, తర్వాత అకాడమీలో శిక్షణ ఉంటుంది. ఇంటర్ తర్వాతే వెళ్లాలంటే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉంది. అక్కడ శిక్షణతో పాటే డిగ్రీ కూడా పూర్తవుతుంది. కానీ ఆ పరీక్ష సంగతి చాలామందికి డిగ్రీలో చేరాకే తెలుస్తుంది. అలాంటివాళ్లకు, మామూలు కాలేజీలో బీఏ, బీకాం, బీఎస్సీ చదువుతూనే సిద్ధం కావడానికి ఉన్న మంచి అవకాశం ఎన్‌సీసీ.

ఎన్‌సీసీలో చేరితే ఏం చేయాలి?

నేషనల్ కేడెట్ కోర్ 1948 నాటి చట్టంతో ఏర్పడింది. స్కూలు పిల్లలకు జూనియర్ డివిజన్, కాలేజీ అబ్బాయిలకు సీనియర్ డివిజన్, అమ్మాయిలకు సీనియర్ వింగ్ ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఒకే డైరెక్టరేట్ ఉంది, దాని కార్యాలయం సికింద్రాబాద్‌లో. కాలేజీలో దీన్ని చూసుకునేది అక్కడి లెక్చరరే. ఆయన్ని ఏఎన్‌ఓ అంటారు. డ్రిల్లు, ఆయుధాల పాఠాలు చెప్పడానికి బెటాలియన్ నుంచి ఆర్మీ హవల్దార్లు, సుబేదార్లు వస్తారు.

చేరేటప్పుడు కొంచెం పరుగు, ఎత్తు, ఆరోగ్యం చూస్తారు. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు ఇంట్లోవాళ్ల అంగీకారం కూడా అడుగుతారు. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఆ సంతకం దగ్గరే.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఒక మాట తెలుసుకోవాలి. ఎన్‌సీసీలో చేరినంత మాత్రాన సైన్యంలో పనిచేయాల్సిన బాధ్యత ఏమీ ఉండదు. యుద్ధం వస్తే కేడెట్లను సరిహద్దుకు పంపుతారన్నది వట్టి అపోహ. మూడేళ్లు చేసి, సర్టిఫికెట్ తీసుకుని, తర్వాత సీఏ చదివినా, దుకాణం పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఖర్చు భయం కూడా అక్కర్లేదు. యూనిఫామ్ ప్రభుత్వానిదే, క్యాంపులో భోజనం, వసతి ఉచితం.

మూడేళ్లు ఎలా గడుస్తాయి?

మొదటి ఏడాది ఎక్కువగా డ్రిల్లే. సావధాన్, విశ్రామ్, తేజ్ చల్, థమ్ అంటూ కమాండ్లన్నీ హిందీలో ఉంటాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇవి కొత్తగా అనిపించవు. పల్లె నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు కూడా నెల రోజుల్లో అలవాటు పడతారు. తర్వాత మ్యాప్ చూడటం, ప్రథమ చికిత్స, పాయింట్ 22 రైఫిల్‌తో కాల్చడం, రక్తదానం, మొక్కలు నాటడం వంటి పనులు వస్తాయి.

రెండో ఏడాదిలో 'బి' సర్టిఫికెట్ పరీక్ష, మూడో ఏడాదిలో 'సి' సర్టిఫికెట్ పరీక్ష. ఈ పరీక్షలకు కూర్చోవాలంటే పరేడ్లలో 75 శాతం హాజరు ఉండాలి. క్యాంపులు కూడా చేసి ఉండాలి. 'బి'కి ఒకటి, 'సి'కి రెండు అని లెక్క పెట్టుకుంటే సరిపోతుంది. ఏటా జరిగే శిక్షణ క్యాంపు సుమారు పది రోజులుంటుంది. ఈ హాజరు, క్యాంపుల లెక్క దగ్గరే చాలామంది దెబ్బతింటారు. రెండో ఏడాదిలో ఇంట్లో పెళ్లి ఉందని క్యాంపు మానేస్తారు, మూడో ఏడాదిలో పార్ట్‌టైమ్ పని దొరికిందని పరేడ్ మానేస్తారు. చివరికి పరీక్షకే పేరు రాదు.

అందుకే మొదటి నెల అంత ముఖ్యం. డిగ్రీ మూడేళ్లు, 'సి' సర్టిఫికెట్ వచ్చేది మూడో ఏట. రెండో సంవత్సరంలో 'నేనూ చేరతా సార్' అని వెళ్తే లెక్క కుదరదు.

బాగా చేసినవాళ్లకు దారులు ఇంకా ఉన్నాయి. జనవరిలో ఢిల్లీలో జరిగే రిపబ్లిక్ డే క్యాంపు, ఆర్మీ యూనిట్లలో అటాచ్‌మెంట్ క్యాంపులు ఉంటాయి. అక్కడ జవాన్ల బ్యారక్‌లో పడుకుని, వాళ్లతో పాటే లేచి, ఆఫీసర్లను దగ్గర నుంచి చూస్తారు. ఈ ఉద్యోగం తనకు సరిపడుతుందా లేదా అన్నది పిల్లవాడికి అక్కడే తెలిసిపోతుంది. సరిపడదని ఇరవై ఏళ్లకే తెలిసినా అదీ లాభమే.

'సి' సర్టిఫికెట్‌తో వచ్చేదేంటి?

మొదటిది, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. ఇది ఆర్మీలో షార్ట్ సర్వీస్ కమిషన్ కోసం. ఏ డిగ్రీ అయినా సరే, కనీసం 50 శాతం మార్కులు ఉండాలి. 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడ్ ఉండాలి. వయసు 19 నుంచి 25 ఏళ్ల మధ్య, పెళ్లి కాకూడదు. చివరి సంవత్సరం చదువుతున్నవాళ్లు కూడా అప్పటివరకు వచ్చిన మార్కుల ఆధారంగా దరఖాస్తు చేసుకోవచ్చు. రాత పరీక్ష లేదు. దరఖాస్తుల్లోంచి ఏరి నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు.

ఏడాదికి రెండు కోర్సులు. ఒక్కో కోర్సుకు అబ్బాయిలకు యాభై నుంచి డెబ్భై, అమ్మాయిలకు ఐదారు ఖాళీలు మాత్రమే ప్రకటిస్తుంటారు. దేశమంతటికీ కలిపి ఇన్నే. అభ్యర్థులు ఎక్కువైతే డిగ్రీ మార్కుల మీద కటాఫ్ పెట్టే అధికారం ఆర్మీకి ఉంది. కాబట్టి 'ఎన్‌సీసీ ఉందిలే, మార్కులు ఎట్లా ఉంటే ఏంటి' అనుకుంటే మోసపోయినట్టే.

రెండోది, సీడీఎస్. యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పెట్టే పరీక్ష ఇది. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి వెళ్లాలంటే ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్, పదో తరగతి స్థాయి లెక్కలు రాయాలి. అక్కడి సీట్లలో కొన్నింటిని ఆర్మీ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు కేటాయిస్తారు, అయితే వాళ్లు కూడా పరీక్ష రాయాల్సిందే. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి అయితే లెక్కల పేపరే లేదు, ఇంగ్లిష్, జనరల్ నాలెడ్జ్ చాలు. కామర్స్, ఆర్ట్స్ పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. నేవీకి ఇంజనీరింగ్ కావాలి. ఎయిర్‌ఫోర్స్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ లేదా ఇంజనీరింగ్ అడుగుతారు. బీకాం చదివి ఆర్మీ ఆఫీసర్ కావడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఎస్‌ఎస్‌బీలో అడిగేది పుస్తకం కాదు

ఆర్మీ ఎస్‌ఎస్‌బీలు ప్రయాగ్‌రాజ్, భోపాల్, బెంగళూరు, జలంధర్‌లలో జరుగుతాయి. మన పిల్లల్లో చాలామందికి బెంగళూరు పడుతుంది. మొదటిసారి ఆ తరహా ఎంట్రీకి వెళ్లేవాళ్లకు రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు, భోజనం, వసతి వాళ్లే చూసుకుంటారు.

మొదటి రోజు తెలివి పరీక్ష ఉంటుంది. ఒక మసక బొమ్మను అర నిమిషం చూపించి దాని మీద కథ రాయమంటారు, తర్వాత గ్రూపుగా కూర్చుని మాట్లాడమంటారు. సగానికి పైగా పిల్లలు సాధారణంగా ఆ సాయంత్రమే ఇంటి దారి పడతారు. మిగిలినవాళ్లకు మరుసటి రోజు సైకాలజీ పరీక్షలు. 60 మాటలు ఒకటొకటిగా చూపిస్తారు, ఒక్కో మాటకు 15 సెకన్లలో వాక్యం రాయాలి. 60 సందర్భాలు ఇచ్చి అరగంటలో 'నువ్వైతే ఏం చేస్తావు' అని అడుగుతారు. తర్వాత రెండు రోజులు గ్రౌండ్‌లో పనులు. చెక్క పలకలు, తాళ్లు, పీపాలతో గుంపంతా కలిసి అడ్డంకులు దాటాలి. మధ్యలో ఒక ఇంటర్వ్యూ ఉంటుంది, ఐదో రోజు అందరు అధికారుల ముందు కాన్ఫరెన్స్.

వాళ్లు వెతికేది పదిహేను లక్షణాల్ని. బాధ్యత, ధైర్యం, నలుగురితో కలిసిపోవడం, కష్టంలో తడబడకపోవడం అలాంటివి. ఇవి కోచింగ్‌లో బట్టీపడితే రావు. ఎన్‌సీసీలో మూడేళ్లు తిరిగిన పిల్లవాడికి ఇక్కడ మేలు జరుగుతుంది. క్యాంపులో యాభై మందికి టీ అందేలా చూసినవాడు, జ్వరం వచ్చిన తోటి కేడెట్ సామాను మోసినవాడు చెప్పుకోవడానికి తన సొంత అనుభవం ఉంటుంది.

ఇంగ్లిష్ భయం సంగతి కూడా చెప్పుకోవాలి. యాస ఎట్లా ఉన్నా పర్వాలేదు కానీ తన మాట తాను చెప్పగలగాలి. తెలుగు, ఉర్దూ మీడియంలో చదివినవాళ్లు డిగ్రీ మొదటి ఏడాది నుంచే రోజూ ఇంగ్లిష్ పేపరు చదవడం, చదివింది పైకి చెప్పడం అలవాటు చేసుకుంటే మూడేళ్లు బోలెడు సమయం.

ఒకసారి పోతే అయిపోయినట్టు కాదు. వయసు, అర్హత ఉన్నంతవరకు మళ్లీ మళ్లీ వెళ్లవచ్చు. కానీ ఎక్కువమంది తిరస్కరణకు గురయ్యేది కూడా ఇక్కడే. అందుకే డిగ్రీని ఎక్కడా వదలకూడదు. ఆఫీసర్ అయితే అల్‌హమ్‌దులిల్లాహ్, కాకపోతే చేతిలో డిగ్రీ, 'సి' సర్టిఫికెట్ రెండూ ఉండాలి.

శిక్షణ, జీతం, తర్వాత?

స్పెషల్ ఎంట్రీలో ఎంపికైనవాళ్లకు చెన్నైలో 49 వారాల శిక్షణ. ఖర్చంతా ప్రభుత్వానిదే, పైగా నెలకు 56,100 రూపాయల స్టైపెండ్. శిక్షణ పూర్తయ్యేవరకు నిఖా చేసుకోకూడదు. మధ్యలో తనంతట తాను మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాల్సి వస్తుంది. లెఫ్టినెంట్ అయ్యాక మూల వేతనం 56,100 నుంచి మొదలవుతుంది. దాని మీద మిలిటరీ సర్వీస్ పే, డీఏ, ఇతర భత్యాలు కలుస్తాయి.

షార్ట్ సర్వీస్ అంటే పదేళ్లు. కావాలంటే ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు. పదేళ్లప్పుడు పర్మనెంట్ కమిషన్ కోరుకోవచ్చు, కానీ అందరికీ దొరకదు. పది పద్నాలుగేళ్లకు బయటకు వస్తే గ్రాట్యుటీ వస్తుంది గానీ పెన్షన్ రాదు. ఈ మాట ముందే తెలిసి ఉండాలి. అప్పటికి మనిషికి ముప్పై అయిదు, నలభై ఏళ్లు. రెండో ఉద్యోగానికి వయసు ఉంటుంది, చేతిలో అనుభవం ఉంటుంది.

అమ్మాయిల సంగతి

చెన్నై అకాడమీలో అమ్మాయిలకు 1992 నుంచి శిక్షణ ఇస్తున్నారు. ఆర్మీలో మహిళా ఆఫీసర్లకు కూడా పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఎన్‌డీఏ పరీక్ష కూడా 2021లో కోర్టు జోక్యంతో అమ్మాయిలకు తెరుచుకుంది.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి వివరించిన కల్నల్ సోఫియా ఖురేషీని టీవీలో చూడని ఇల్లు ఉండదు. ఆమె బరోడాలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి, 1999లో చెన్నై అకాడమీ నుంచే ఆర్మీలోకి వచ్చారు.

అమ్మాయిల క్యాంపుల్లో బస విడిగా ఉంటుంది, వెంట మహిళా సిబ్బంది ఉంటారు. అయినా తల్లిదండ్రులకు సందేహం ఉంటే ఏఎన్‌ఓను కలిసి క్యాంపు ఎక్కడ, వెంట ఎవరు వస్తారు, ఫోన్ ఎప్పుడు చేయవచ్చు అని అడగడంలో తప్పు లేదు. అడిగి తెలుసుకున్నాక కాదంటే అది నిర్ణయం. అడగకుండానే కాదంటే అది భయం మాత్రమే.

గడ్డం, హిజాబ్, నమాజ్, భోజనం

ఇంట్లో అసలు చర్చ జరిగేది వీటి మీదే. కాబట్టి ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవడం మేలు.

గడ్డం విషయంలో నిబంధన కఠినమే. ఎయిర్‌ఫోర్స్‌లో గడ్డం ఉంచుకున్నందుకు ఉద్యోగం పోయిన కేసులో 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఎయిర్‌ఫోర్స్ నిబంధననే సమర్థించింది. ఆర్మీలోనూ సిక్కులకు ఉన్న మినహాయింపు ముస్లింలకు లేదు. ఎన్‌సీసీ పరేడ్‌కు కూడా గడ్డం గీసుకునే రమ్మంటారు. గడ్డం ఉంచుకోవడమే తన నిర్ణయం అనుకునే అబ్బాయి ఈ మాట మూడేళ్ల తర్వాత ఎస్‌ఎస్‌బీ గేటు దగ్గర కాదు, చేరకముందే ఆలోచించుకోవాలి. హిజాబ్ విషయం కూడా అంతే. యూనిఫామ్ వేసుకున్నప్పుడు ఏది అనుమతిస్తారో ఆ కాలేజీ యూనిట్‌లో చేరేముందే అడిగి, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. దీన్ పరంగా ఏది సరి అన్నది ప్రతి కుటుంబమూ తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం.

నమాజ్ సంగతి వేరు. ఆర్మీలో అన్ని మతాల ప్రార్థనలకూ చోటు ఇచ్చే పద్ధతి ఉంది. యూనిట్లలో మత బోధకులుగా పండిట్లు, గ్రంథీలు, పాద్రీలతో పాటు మౌల్వీలను కూడా ఆర్మీయే భర్తీ చేసుకుంటుంది. విధుల్లో, శిక్షణలో ఉన్నప్పుడు మాత్రం సమయం మన చేతిలో ఉండదు. రంజాన్‌లో పరేడ్ పడితే రోజా ఉన్నామని ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే చెప్పుకోవాలి. చెప్పకుండా ఎండలో పడిపోతే ఇబ్బంది అందరికీ. క్యాంపు మెస్‌లో పప్పు, కూరగాయలు ఎప్పుడూ ఉంటాయి, మాంసం మీద సందేహం ఉన్నవాళ్లు వాటితో పది రోజులు గడపడం కష్టమేమీ కాదు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు

'మనవాళ్లను తీసుకుంటారా?' అన్నది చాలామంది పైకి అనని ప్రశ్న. దరఖాస్తుకు మతం అడ్డు కాదు, ఏ మతం వారికైనా అర్హతలు ఒకటే. చరిత్రలో పేర్లు కూడా ఉన్నాయి.

ఇద్రీస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాద్‌లోనే పుట్టారు. దేశ విభజన వేళ పాకిస్తాన్ వైమానిక దళంలో చేరే అవకాశం ఉన్నా భారత్‌లోనే ఉండిపోయారు. 1978 నుంచి 1981 వరకు భారత వైమానిక దళానికి చీఫ్‌గా ఉన్నారు. ఆ పదవికి చేరిన తొలి ముస్లిం ఆయనే. తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ కూడా విభజన సమయంలో పాకిస్తాన్ పిలుపును కాదన్నారు. కశ్మీర్‌లో నౌషేరాను కాపాడి, 1948 జులై 3న ఝంగర్‌లో అమరులయ్యారు. మహావీర్ చక్ర అందుకున్న ఆయన సమాధి ఢిల్లీలో జామియా మిల్లియా ప్రాంగణం దగ్గర ఉంది.

ఇప్పటికే ఆలస్యమైతే?

మొదటి సంవత్సరం దాటిపోయినవాళ్లు నిరాశపడక్కర్లేదు. సీడీఎస్ రాయడానికి ఎన్‌సీసీ తప్పనిసరి కాదు. ఇంజనీరింగ్, లా చదివినవాళ్లకు ఆర్మీలో విడిగా ఎంట్రీలున్నాయి. పోయింది రాత పరీక్ష లేని ఒక్క దారి మాత్రమే. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకైనా ఆ దారి పోకుండా చూడవచ్చు.

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ కాలేజీ ఎంచుకునేటప్పుడే అక్కడ ఎన్‌సీసీ ఉందా, ఏ వింగ్, ఎన్ని సీట్లు అని అడగాలి. అన్ని కాలేజీల్లో ఉండదు, ఫీజులు అడిగినట్టే ఇదీ అడగాలి. చేరిన మొదటి వారంలోనే ఏఎన్‌ఓ ఎవరో కనుక్కోవాలి. ప్రతి పరేడ్ హాజరు, క్యాంపు సర్టిఫికెట్ ఒక ఫైల్లో దాచుకోవాలి. వయసు, ఖాళీలు, ఎత్తు, వైద్య ప్రమాణాలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు వేళ ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్నదే చూసుకోవాలి. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారుల్ని గుమ్మం తొక్కనివ్వకూడదు.

నోటీస్ బోర్డు మీద ఆ కాగితం ఎక్కువ రోజులు ఉండదు. పిల్లవాడు అంగీకార పత్రం తెచ్చి ముందు పెట్టినప్పుడు సంతకం పెట్టాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. కనీసం ఆ రాత్రి భోజనం దగ్గర పది నిమిషాలు దాని గురించి మాట్లాడుకుంటే చాలు.